వారానికి మూడు నాలుగు సార్లు: ఒక క్రానిక్ మైగ్రేన్ చార్టు

ఈ కేసంతా ఒక్క లైను చుట్టూ తిరిగింది. విజిట్ నోట్‌లో డాక్టర్ రాసింది ఇదీ: "క్రానిక్ మైగ్రేన్స్, పన్నెండేళ్ళుగా. వారానికి 3-4 సార్లు. బొటాక్స్ బాగా పనిచేస్తోంది, కొనసాగిద్దాం." చదివితే లోటేమీ కనిపించదు. జబ్బు పేరు ఉంది, ఎన్నాళ్ళనుంచో ఉంది, ఎంత తరచుగా వస్తోందో ఉంది, మందు పనిచేస్తోందనీ ఉంది. ఈ లైను మూలంగానే చికిత్స డబ్బు కోసం ఇన్సూరెన్స్‌కి పంపిన రెండు క్లెయిమ్‌లు వెనక్కొచ్చాయి. వాటిలో ఒకదాని డబ్బు ఇక రాదు.

పేషెంట్ వయసు, ఊరు, విజిట్ తేదీలు, క్లినిక్ పేరు, ఇన్సూరెన్స్ పేరు తీసేశాను. చార్టులోని మాటల్ని కూడా కొంచెం మార్చాను. పేషెంట్ ఒక మహిళ అని, మైగ్రేన్ చాలా ఏళ్ళుగా ఉందని తెలిస్తే చాలు.

నేపథ్యం

నేను పనిచేసే టీం అమెరికాలోని ఒక న్యూరాలజీ క్లినిక్‌కి కోడింగ్ చేస్తుంది, అంటే డాక్టర్ రాసిన జబ్బునీ చికిత్సనీ బిల్లు కోసం కోడ్‌లుగా మారుస్తుంది. నాది ఆడిటర్ పని. కోడర్ వేసిన కోడ్‌కి చార్టులో ఆధారం ఉందా అని చూడాలి, డినయల్ (ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వననడం) వస్తే తప్పు ఎక్కడ మొదలైందో వెతకాలి. ఈ పేషెంట్‌కి మొదటి రెండు బొటాక్స్ ఇంజెక్షన్ సెషన్లు మేము రాకముందే అయిపోయాయి, వాటికి డబ్బు కూడా వచ్చింది. మూడో సెషన్ నాటికి రెండు మార్పులు జరిగాయి: కోడింగ్ మా చేతికొచ్చింది, క్లినిక్ పేషెంట్ రికార్డులుండే తన ఈహెచ్ఆర్ సాఫ్ట్‌వేర్ మార్చుకుంది.

పాత సాఫ్ట్‌వేర్ నుంచి ప్రాబ్లం లిస్టులు (ఒక్కో పేషెంట్ జబ్బుల జాబితాలు) కొత్తదానిలోకి వచ్చేటప్పుడు చాలామంది పేషెంట్లకి మైగ్రేన్ పక్కన జీ43.909 వచ్చి కూర్చుంది. రకం చెప్పని మైగ్రేన్ అన్నమాట. మా కోడర్ మూడో సెషన్‌కి అదే కోడ్ వేసింది. నోట్‌లో క్రానిక్ అనే మాట ఉన్నా ప్రాబ్లం లిస్టులో రెడీగా ఉన్న కోడ్ వైపే చెయ్యి వెళ్ళింది. పని ఒత్తిడిలో ఇలా చెయ్యని కోడర్ ఉంటారంటే నేను నమ్మను.

ఇక్కడ కోడ్ నిర్మాణం కొంచెం చెప్పాలి. ఐసీడీ-10-సీఎంలో, అంటే అమెరికాలో వాడే జబ్బుల కోడ్ పుస్తకంలో, మైగ్రేన్ అంతా జీ43 కింద ఉంటుంది. నాలుగో అక్షరం రకం చెబుతుంది: 0 అంటే ఆరా (నొప్పికి ముందు వచ్చే, ఎక్కువగా కళ్ళముందు గీతల్లాంటి లక్షణాలు) లేనిది, 1 అంటే ఆరా ఉన్నది, 7 అంటే ఆరా లేని క్రానిక్ మైగ్రేన్, 9 అంటే రకం తెలియనిది. ఐదో అక్షరం ఇంట్రాక్టబుల్ (మందులకి లొంగనిది) అవునో కాదో చెబుతుంది. ఆరోది స్టేటస్ మైగ్రేనోసస్, అంటే 72 గంటలు దాటినా వదలని తీవ్రమైన అటాక్, ఉందో లేదో చెబుతుంది. ఉంటే 1, లేకపోతే 9. ఆరాతో కూడిన క్రానిక్ మైగ్రేన్‌కి చాలాకాలం సొంత కోడ్ లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి జీ43.ఈ వచ్చింది. మన కేసులో మూడో సెషన్ ఆ తేదీ తర్వాతే జరిగింది. అప్పటికి ఈ విషయం ఎవరికీ తట్టలేదు.

వెనక్కొచ్చిన క్లెయిమ్

క్లెయిమ్‌లో ప్రొసీజర్ సీపీటీ 64615 (సీపీటీ అంటే చికిత్సల కోడ్ జాబితా). క్రానిక్ మైగ్రేన్‌కి తల, మెడ కండరాల్లో ఇచ్చే ఇంజెక్షన్లకి ఉన్న కోడ్ అది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ వాడకానికి 2010లో అనుమతి ఇచ్చింది. ఏడు కండరాల ప్రాంతాల్లో 31 చోట్ల, మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకి ఒకసారి ఇస్తారు. ఎన్ని చోట్ల గుచ్చినా 64615 ఒక్కసారే వెయ్యాలి. రెండు వైపులా అన్నది కోడ్ వివరణలోనే ఉంది కాబట్టి రెండు వైపులా చేశామని చెప్పే అదనపు గుర్తు, మాడిఫైయర్ 50, పెట్టకూడదు. మందుకి వేరే కోడ్, జే0585, యూనిట్ లెక్కన.

డినయల్ సీఓ-11తో వచ్చింది, అంటే డయాగ్నసిస్‌కీ ప్రొసీజర్‌కీ పొంతన లేదని. అది న్యాయమే. రకం తెలియని మైగ్రేన్ అని మనమే చెప్పి, క్రానిక్ మైగ్రేన్‌కి ఇచ్చే చికిత్సకి డబ్బు అడిగాం. ఇదే క్లెయిమ్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. 200 యూనిట్ల వయల్ తెరిచి 155 వాడి 45 పారేశారు, కానీ మొత్తం 200 ఒకే లైనులో వేశారు. 155 ఒక లైను, 45 జేడబ్ల్యూ మాడిఫైయర్‌తో (పారేసిన మందు అని చెప్పే గుర్తు) ఇంకో లైను కావాలి. అది ఐదు నిమిషాల్లో సరిచేశాం. మిగతాదానికే నెలలు పట్టింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. బిల్లింగ్ వాళ్ళు తొందరపడి ఆ బ్యాలెన్స్‌ని పేషెంట్ ఖాతాలోకి తోశారు. ఆమెకి స్టేట్‌మెంట్ వెళ్ళింది, ఆమె క్లినిక్‌కి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. డినయల్ ముందు సీఓ ఉంటే అది క్లినిక్ భరించాల్సింది, పేషెంట్ నెత్తిన వెయ్యకూడదు. పీఆర్ ఉంటేనే పేషెంట్‌ది. వెంటనే వెనక్కి తీయించాం.

మొదటి ప్రయత్నం

మా కోడర్ అడిగింది: "మేడం, నోట్‌లో క్రానిక్ అనే ఉందిగా. జీ43.709 వేసి కరెక్టెడ్ క్లెయిమ్ పంపేద్దామా?"

సరే అన్నాను. కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో మైగ్రేన్ కింద క్రానిక్ అని చూస్తే అక్కడికే దారి తీస్తుంది. ఇన్సూరెన్స్ ఇచ్చిన ముందస్తు అనుమతి కూడా అదే కోడ్ మీద ఉంది. పైగా ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది: డాక్టర్ ఈ జబ్బు ఉందని రాస్తే కోడర్‌కి అది చాలు, ఆ నిర్ణయానికి డాక్టర్ ఏ ప్రమాణాలు వాడారో కోడర్ తిరిగి లెక్కకట్టనక్కర్లేదు. కోడింగ్ వరకు ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను.

పేయర్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ, రికార్డులు అడిగింది. పంపాం. ఈసారి సీఓ-50 వచ్చింది. వైద్యపరంగా అవసరమని రికార్డు చూపించడం లేదన్నారు. అనుమతి ఉందిగా అని కోడర్ వాపోయింది కానీ, అనుమతి ఉన్నంత మాత్రాన డబ్బు ఖాయం కాదని ఆ అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది.

డాక్టర్ రాస్తే చాలు అనేది కోడ్‌కి వర్తించే నియమం. పేయర్ అడిగేది వేరే ప్రశ్న. ఈ జబ్బు అని రాశారు సరే, దానికి తగ్గ లక్షణాలు చార్టులో ఎక్కడున్నాయి అని. మొదటి ప్రశ్నకి మా దగ్గర జవాబు ఉంది, రెండోదానికి లేదు. ఈ రెండింటినీ కలిపేసి ఆలోచించడం వల్లే మేము తర్వాతి తప్పులన్నీ చేశాం.

క్రానిక్ అన్న మాట దగ్గర ఎందుకు తేడా వస్తుంది

మామూలు వైద్య భాషలో క్రానిక్ అంటే దీర్ఘకాలికం. క్రానిక్ కిడ్నీ జబ్బు, క్రానిక్ బ్రాంకైటిస్ లాగా. మైగ్రేన్‌లో ఆ మాట అర్థమే వేరు. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ ఐసీహెచ్‌డీ-3 ప్రకారం నెలకి 15 లేదా అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పి ఉండాలి, అది మూడు నెలలకి పైగా సాగాలి, ఆ రోజుల్లో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉండాలి. ముప్పై ఏళ్ళుగా నెలకి రెండు సార్లు మైగ్రేన్ వచ్చే మనిషికి ఉన్నది క్రానిక్ మైగ్రేన్ కాదు. నాలుగు నెలల క్రితం ముదిరి రోజు విడిచి రోజు తలపట్టుకుంటున్న మనిషికి ఉన్నది అది కావచ్చు. బొటాక్స్ లేబుల్ ఇంకో షరతు కలుపుతుంది: ఆ 15 రోజుల్లో నొప్పి రోజుకి 4 గంటలు లేదా అంతకు మించి ఉండాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ లైను చూడండి. "క్రానిక్ మైగ్రేన్స్, పన్నెండేళ్ళుగా." బహువచనం, పక్కనే ఏళ్ళ లెక్క. చదివే రివ్యూయర్‌కి ఇది దీర్ఘకాలికం అన్న అర్థంలో రాసినట్టే ఉంటుంది. డాక్టర్ మనసులో ఉన్నది జబ్బు పేరే అయినా కాగితం మీద అది విశేషణంలా పడింది.

రెండో ప్రయత్నం, నా తప్పు

మొదటి అప్పీల్ లెటర్ నేనే తయారుచేశాను. వారానికి 3-4 సార్లు అంటే నెలకి ఎన్ని? 30 రోజుల నెలకి సుమారు 4.3 వారాలు. మూడుతో గుణిస్తే 13, నాలుగుతో గుణిస్తే 17. మధ్యలో 15. ప్రమాణం నెరవేరింది అని రాశాను. రాసేటప్పుడు చాలా తెలివిగా అనిపించింది.

జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. రికార్డులో ఉన్న తరచుదనం నెలకి 15 రోజులని నిరూపించడం లేదు. చికిత్సకి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది లేదు. నిజమే కదా. 13 కూడా ఆ లెక్కలోనే ఉంది. పైగా సార్లు వేరు, రోజులు వేరు. సోమవారం సాయంత్రం మొదలై మంగళవారం రాత్రి దాకా ఉన్న నొప్పి ఒక్కసారే, కానీ రెండు రోజులు. నేను సార్లని రోజులుగా మార్చేసి, డాక్టర్ రాయని అంకెని డాక్టర్ తరఫున చెప్పాను. కోడర్ చెయ్యకూడదని నేను ట్రైనింగ్‌లో చెప్పే పనే ఇది.

అందులో ఇంకో గుంట కూడా ఉంది. "3-4 సార్లు" అన్న అదే లైను మొదటి విజిట్ నుంచి మూడో సెషన్ దాకా మారకుండా వస్తోంది. పాత నోట్‌ని కాపీ చేసి కింద రెండు లైన్లు కలుపుతున్నారు. రివ్యూయర్ దృష్టిలో చూడండి. మూడో సెషన్‌కి కూడా వారానికి 3-4 సార్లు వస్తుంటే మందు పనిచేయనట్టు. బాగా పనిచేస్తోంది అన్న మాట నిజమైతే ఆ అంకె తప్పయినట్టు. ఎటు తిరిగినా కొనసాగించడానికి ఆధారం లేదు.

మూడో ఆలోచన, పంపనిది

ఈలోగా మా కోడర్ ఇంకో దారి చూపించింది. "నోట్ పై భాగంలో పూర్లీ కంట్రోల్డ్ అని ఉంది మేడం. అది ఇంట్రాక్టబుల్‌తో సమానం కదా. జీ43.719 వేస్తే?"

ఆ పిల్ల పుస్తకం బాగా చదివింది. జీ43 కింద ఉన్న నోట్ ప్రకారం ఫార్మకోరెసిస్టెంట్, ట్రీట్‌మెంట్ రెసిస్టెంట్, రిఫ్రాక్టరీ, పూర్లీ కంట్రోల్డ్ అన్న నాలుగు మాటలూ ఇంట్రాక్టబుల్‌కి సమానం. వీటిలో ఏదో ఒకటి డాక్టర్ రాస్తే ఐదో అక్షరం 1 వెయ్యొచ్చు. కానీ ఆ మాట ఎక్కడుందో చూడాలి. అది హిస్టరీ భాగంలో ఉంది, మొదటి విజిట్ నుంచి కాపీ అవుతూ వచ్చిన పేరాలో, టోపిరమేట్ అనే మైగ్రేన్ మందు వల్ల చేతులు తిమ్మిరెక్కి, మాటలు తడబడి ఆపేశారన్న వాక్యం పక్కన. కింద అసెస్‌మెంట్‌లో (డాక్టర్ తన నిర్ణయం రాసే భాగంలో) బొటాక్స్ బాగా పనిచేస్తోంది అని ఉంది. ఒకే నోట్‌లో అదుపులో లేదు, బాగుంది అన్న రెండు మాటలూ ఉంటే కోడర్ తనకి నచ్చింది ఏరుకోకూడదు. రెండు మందులు పనిచెయ్యలేదు అన్నంత మాత్రాన ఇంట్రాక్టబుల్ అని కోడర్ తేల్చకూడదు కూడా. ఆ మాట డాక్టర్ నోటి నుంచి రావాలి.

ఇలాంటప్పుడు చెయ్యాల్సింది క్వెరీ, అంటే డాక్టర్‌కి రాసి పంపే ప్రశ్న. పంపాం. దాని డ్రాఫ్ట్ చూడకుండా నేను ఓకే చేశాను, అది ఇంకో తప్పు. అందులో ఇలా ఉంది: "బొటాక్స్ క్లెయిమ్ డినై అయింది. దయచేసి క్రానిక్ ఇంట్రాక్టబుల్ మైగ్రేన్ అని డాక్యుమెంట్ చేయగలరా?" కంప్లయన్స్ (నియమాల పాటింపు) చూసే వ్యక్తి అది డాక్టర్‌కి చేరకముందే ఆపి నాకు తిప్పి పంపారు. డబ్బు ప్రస్తావన క్వెరీలో ఉండకూడదు. జవాబుని మనమే చేతిలో పెట్టకూడదు. ఏహెచ్ఐఎంఏ, ఏసీడీఐఎస్ అనే వృత్తి సంఘాలు కలిసి ఇచ్చిన క్వెరీ మార్గదర్శకాలు చెప్పేది అదే. ఆ క్వెరీకి డాక్టర్ అవునని జవాబు ఇచ్చి ఉంటే, ఆ జవాబే రేపు ఆడిట్‌లో మాకు వ్యతిరేక సాక్ష్యమయ్యేది.

డైరీ

ఇక చార్టుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నోట్లు కాదు, చార్టు. ఫ్యాక్స్‌లు, ఫోటోలు, స్కాన్‌లు పడేసే ఒక ట్యాబ్ ఉంటుంది, దాన్ని కోడర్లం మామూలుగా తెరవం. అక్కడ మొదటి విజిట్ రోజు స్కాన్ చేసిన ఒక కాగితం దొరికింది. పేషెంట్ చేత్తో గీసుకున్న తలనొప్పి డైరీ. ముప్పై గళ్ళు. నొప్పి ఉన్న రోజు గడిలో పెన్సిల్‌తో నింపింది, వాంతి లేదా వెలుతురు భరించలేకపోవడం ఉన్న రోజు ఒక నక్షత్రం వేసింది, గడి కింద చిన్న అక్షరాలతో గంటలు రాసింది. ఒకటి రెండు గళ్ళలో "బుడగలు, గీతలు, 20 నిమిషాలు" అని ఉంది.

లెక్కపెట్టాను. నింపిన గళ్ళు 21. నక్షత్రాలు 12. నింపిన గళ్ళన్నింటి కిందా 4 గంటలు లేదా అంతకంటే ఎక్కువే రాసి ఉంది. విడివిడి అటాక్‌లు మాత్రం 14, వాటిలో ఏడు రెండో రోజుకి పాకాయి. నెలకి పద్నాలుగు అంటే వారానికి మూడు చిల్లర. ఆమె నర్సుతో వారానికి మూడు నాలుగు సార్లు అని చెప్పింది నిజమే. మనం అడగాల్సింది ఎన్ని రోజులు అని, అడిగింది ఎన్నిసార్లు అని. ఆమె అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పింది.

మూడో సెషన్ రోజు స్కాన్ చేసిన డైరీ కూడా ఉంది. 9 రోజులు, 4 నక్షత్రాలు. ఇరవై ఒకటి నుంచి తొమ్మిదికి. క్లెయిమ్ వెనక్కొచ్చిన రెండోది నాలుగో సెషన్. దాని నాటి డైరీ వెతికాను, లేదు. ఆ రోజు ఆమె తేలేదో, తెచ్చినా ఎవరూ స్కాన్ చెయ్యలేదో.

ఆ కాగితం చేతిలో ఉన్నా సరే, నేను వెళ్ళి కోడ్ మార్చెయ్యలేను. గళ్ళు లెక్కపెట్టి జబ్బు పేరు పెట్టడం డాక్టర్ పని. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, ఆరా గురించి ఉన్నది మొదటి విజిట్‌లో. ఒక విజిట్ కోడ్ ఆ విజిట్ నోట్‌లోంచే రావాలి, పాత విజిట్‌లో చూసి ఇప్పటి కోడ్‌కి అతికించకూడదు. కానీ అప్పీల్‌లో వైద్య అవసరం చూపించడానికి పాత రికార్డులన్నీ జతచెయ్యొచ్చు. కోడ్‌కి ఆ రోజు నోట్, అవసరానికి మొత్తం చార్టు. ఈ తేడా నా బుర్రలో గట్టిగా పడ్డాక మిగతా పని సులువైంది.

పనిచేసిన క్వెరీ

రెండో క్వెరీ నేనే రాశాను. మొదట చార్టులో ఉన్నవి మాత్రమే పెట్టాను, పేజీ, తేదీతో సహా: మొదటి విజిట్ డైరీ, మూడో సెషన్ డైరీ, నోట్‌లో "క్రానిక్ మైగ్రేన్స్, పన్నెండేళ్ళుగా", హిస్టరీలో "పూర్లీ కంట్రోల్డ్", అసెస్‌మెంట్‌లో "బాగా పనిచేస్తోంది", దృష్టిలో గీతల ప్రస్తావన, నొప్పి తగ్గించే కాంబినేషన్ మాత్రలు మొదటి డైరీ నెలలో 13 రోజులు వేసుకున్నట్టు ఉన్న మెడికేషన్ ఎంట్రీ. తర్వాత అడిగాను: మూడో సెషన్ నాటికి మీ వైద్య నిర్ణయం ప్రకారం తలనొప్పి డయాగ్నసిస్ ఏమిటి? ఎంపికలు: ఆరా లేని క్రానిక్ మైగ్రేన్, ఆరాతో కూడిన క్రానిక్ మైగ్రేన్, ఎపిసోడిక్, అంటే అప్పుడప్పుడు వచ్చే మైగ్రేన్ (ఆరాతో లేదా లేకుండా), వేరేది, చెప్పలేను. విడిగా ఇంకో ప్రశ్న: హిస్టరీలోని, అసెస్‌మెంట్‌లోని పై రెండు మాటల్లో ఇప్పటి పరిస్థితి ఏది?

మాత్రల సంగతి ఎందుకు పెట్టానంటే, కాంబినేషన్ నొప్పి మాత్రలు నెలకి 10 రోజులు లేదా అంతకు మించి మూడు నెలలకి పైగా వాడుతూ ఉంటే మాత్రల అతివాడకం వల్ల వచ్చే తలనొప్పి అన్న ప్రశ్న వస్తుంది. దానికి జీ44.4 కింద వేరే కోడ్ ఉంది. జీ43 దగ్గర జీ44 ఎక్స్‌క్లూడ్స్2లో (కలిపి వెయ్యడానికి అడ్డులేని కోడ్‌ల జాబితాలో) ఉంది కాబట్టి రెండూ ఉంటే రెండూ వెయ్యొచ్చు. ఉందో లేదో నేను తేల్చలేను, అడగగలను.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. ఆరాతో కూడిన క్రానిక్ మైగ్రేన్. పూర్లీ కంట్రోల్డ్ అన్నది చికిత్సకి ముందు మాట, ఇప్పుడు వర్తించదు. మాత్రల వాడకం మొదట్లో ఎక్కువగా ఉండేది, ఇప్పుడు నెలకి నాలుగు రోజులే. అతివాడకం డయాగ్నసిస్ లేదు. స్టేటస్ మైగ్రేనోసస్ ప్రస్తావన ఎక్కడా లేదు. అంటే కోడ్ జీ43.ఈ09.

మేం ముందు వేసిన జీ43.909, తర్వాత వేసిన జీ43.709, వెయ్యబోయిన జీ43.719, మూడూ కాదు. ఇంట్రాక్టబుల్ అని మేము ఆశపడ్డది డాక్టర్ దృష్టిలో అబద్ధం. ఆరా అని మేము పట్టించుకోనిది నిజం.

జవాబుతో పాటు డాక్టర్ మూడో సెషన్ నోట్‌కి అడెండమ్ (తర్వాత చేర్చే వివరణ) రాశారు, అడెండమ్ రాసిన రోజు తేదీతోనే, పాత వాక్యాల్ని చెరపకుండా. డినయల్ వచ్చాక రాసిన అడెండమ్‌ని రివ్యూయర్లు అనుమానంగానే చూస్తారు. దానికి బలమిచ్చింది స్కాన్ చేసిన డైరీలే. అవి చికిత్స జరిగిన రోజుల్లోనే చార్టులోకి వచ్చాయి, సిస్టమ్ వేసిన తేదీ వాటి మీద ఉంది.

రెండో స్థాయి అప్పీల్‌లో డాక్టర్ సంతకంతో ఒక పేజీ లెటర్, రెండు డైరీలు, అడెండమ్, 31 చోట్లు, యూనిట్లు రాసిన ప్రొసీజర్ నోట్, మార్చిన కోడ్‌తో కరెక్టెడ్ క్లెయిమ్ పెట్టాం. నా గుణకారాలేవీ పెట్టలేదు. చాలా పాలసీలు కొనసాగింపుకి నెలకి కనీసం 7 రోజులు తగ్గాలనో, 100 గంటలు తగ్గాలనో అడుగుతాయి. ఇక్కడ తగ్గింది 12 రోజులు. అనుమతి పాత కోడ్ మీద ఉంది కాబట్టి, కొత్త కోడ్ చేర్చమని పేయర్‌కి ముందే రాసి, ఆ రిఫరెన్స్ నంబర్ లెటర్‌లో పెట్టాం. మూడో సెషన్ డబ్బు వచ్చింది.

నాలుగో సెషన్‌కి రాలేదు. ఆ రోజు నోట్‌లో కాపీ అయిన పాత లైనుకి తోడు "డూయింగ్ గ్రేట్" అన్న మాట తప్ప ఒక్క అంకె లేదు, డైరీ లేదు. ఆ రోజు ఎన్ని రోజుల నొప్పి ఉందో ఇప్పుడు గుర్తుచేసుకుని రాయమని డాక్టర్‌ని అడగడం నాకు ఇష్టం లేకపోయింది. క్లినిక్ మేనేజర్ ఒకసారి అడిగిచూడమన్నారు. ఆధారం లేని అడెండమ్ అడగనని చెప్పాను. రైటాఫ్ అయింది, అంటే రాని బాకీగా కొట్టేశారు. మందు ఖర్చు మొత్తం క్లినిక్ భరించింది.

తర్వాత మార్చినవి

డాక్టర్‌తో అరగంట కాల్ పెట్టుకున్నాం, వాళ్ళకి పొద్దున, మాకు రాత్రి. కొత్త టెంప్లేట్ చూపించేసరికి ఆయన విసుక్కున్నారు. నేను పేషెంట్‌ని చూడాలా, గళ్ళు నింపాలా అన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. నేను మొదట చేసిన టెంప్లేట్‌లో పదకొండు గళ్ళున్నాయి. కాల్ పూర్తయ్యేసరికి నాలుగు మిగిలాయి: చికిత్సకి ముందు నెలకి తలనొప్పి రోజులు, గత నెలలో తలనొప్పి రోజులు, వాటిలో మైగ్రేన్ లక్షణాలున్నవి, నొప్పి మాత్ర వేసుకున్న రోజులు. ఈ నాలుగూ నర్సు పేషెంట్‌ని గదిలో కూర్చోబెట్టేటప్పుడే డైరీ చూసి నింపుతుంది. మొదటి అంకె ఒక్కసారి పెడితే మారదు, మిగతా మూడూ ప్రతి విజిట్‌కి ఖాళీగానే తెరుచుకుంటాయి, కాపీ కావు. డయాగ్నసిస్ లైను మాత్రం డాక్టరే రాయాలి, ఏకవచనంలో, ఆరా ఉందో లేదో చెబుతూ.

క్లినిక్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తరచూ వాడే కోడ్‌లుండే ఫేవరెట్స్ జాబితాలో జీ43.ఈ కోడ్‌లు లేవని కూడా ఆ కాల్‌లోనే తెలిసింది. డాక్టర్ ఆరా అని టైప్ చేస్తే జీ43.109 మాత్రమే వచ్చేది, క్రానిక్ అని టైప్ చేస్తే జీ43.709. రెండూ కలిసినది రాయాలంటే ఆయనకి దారే లేదు. అక్టోబర్‌లో కోడ్‌లు మారినప్పుడు ఫేవరెట్స్ కూడా చూడాలన్న పని ఎవరి పేరు మీదా లేదు. ఇప్పుడు నా పేరు మీద ఉంది.

మా టీంలో ఒక అలవాటు పెట్టాను. బొటాక్స్ క్లెయిమ్ వచ్చినప్పుడు నోట్‌లో "వారానికి" అన్న మాట కనిపిస్తే కోడర్ ఆగాలి. నెలకి ఎన్ని రోజులో పక్కన లేకపోతే క్లెయిమ్ వెళ్ళేముందే అడగాలి, డినయల్ తర్వాత కాదు. మొదట్లో వారానికి అయిదారు క్వెరీలు వెళ్ళేవి, క్లినిక్‌లో గొణిగారు. నర్సు గళ్ళు నింపడం మొదలుపెట్టాక చాలా తగ్గాయి.

ఐదో సెషన్ చార్టు నేనే చూశాను. ముందు 21, గత నెలలో 7, మైగ్రేన్ లక్షణాలతో 3, మాత్ర వేసుకున్నది 4. మా కోడర్ నా సీటు దగ్గరికి వచ్చి అడిగింది: "ఏడే ఉన్నాయి కదా మేడం, ఇప్పుడు ఇది ఇంకా క్రానిక్ ఎలా అవుతుంది?" నేను అసెస్‌మెంట్ లైను చూపించాను. "ఆరాతో కూడిన క్రానిక్ మైగ్రేన్, చికిత్సకి స్పందిస్తోంది, 12 వారాలకి మళ్ళీ." ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషి చెప్పేశారు. జీ43.ఈ09 వేసి పంపింది.